లావుణి పట్టాకూ వీలునామా వున్నది

జనగామ, ఆలేరు, భువనగిరి వైపు నుంచి పొద్దుటి బండికి వచ్చే కూలీలు సికింద్రాబాద్ స్టేషన్లో దిగి అడ్డాల మీద నిలబడతారు. పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఈ వూరిని లష్కర్ అనే అంటారు. నాట్లు అయిపోయినాక ఇటుకలు మొయ్యడానికి వచ్చిన ఒక ముసలమ్మను "నీ తరువాత నీ భూమి ఎవరికి పెద్దమ్మా?" అని అడిగితే నవ్వింది. "మాకేం ఆస్తి వున్నదని బిడ్డా, వీలునామా రాసుకోనికి? అది దొరల పని" అన్నది.

దొరల పనే, నిజం. వాళ్ళు ఆ పని ఎంత శ్రద్ధగా చేసుకున్నారో చూడండి. 1949లో నిజాం సొంత భూములైన సర్ఫేఖాస్ దివానీలో కలిసిపోయాయి. ఆ ఏడే ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. మరుసటి ఏడు, 1950 మే 10న, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 9 కోట్ల రూపాయల ప్రభుత్వ పత్రాలతో కుటుంబ ట్రస్టు పెట్టాడు. ఆ సొమ్మును 175 భాగాలుగా లెక్కగట్టి బంధువుల్లో ఎవరికి ఎన్ని భాగాలో దస్తావేజులో రాయించాడు. నగలకు వేరే ట్రస్టు. ఆ నగలనే 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లు పోసి కొన్నది. ట్రస్టు అంటే మరేమీ కాదు. ఆస్తి ధర్మకర్తల పేర వుంటుంది, దాని మీద వచ్చే రాబడి ఇంటివాళ్ళు తింటారు. మనిషి పోయినా ఆస్తి ముక్కలు కాదు.

చిన్న దొరలు నిజాంను చూసి నేర్చుకున్నారో, వాళ్ళకే తట్టిందో గాని, భూపరిమితి చట్టం వస్తుందన్న వార్త రాగానే వాళ్ళూ దస్తావేజులు పట్టుకున్నారు. పంపకాలు, దానపత్రాలు, కొడుకుల పేర, కోడళ్ళ పేర. ఆ ఎత్తు తెలిసే 1973 చట్టం 1971 జనవరి 24 తరువాత జరిగిన బదిలీలను, పెట్టిన ట్రస్టులను తిరగదోడి చూడమన్నది. కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు దాటకూడదన్నది. కాగితం ముందే సిద్ధం చేసుకున్నవాళ్ళ దగ్గర మిగులు భూమి ఎంత తేలిందో పల్లెల్లో మనకు తెలియనిది కాదు.

ఇక ముసలమ్మ ఆస్తి సంగతి. కదిలిస్తే చెప్పింది: రెండెకరాల లావుణి పట్టా, పెనిమిటి పేర వున్నది. ఆయన పోయి చాలా ఏండ్లయింది. ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. "పెద్దోడు అంతా నాదే అంటడు."

పెద్దోడిది కాదు. ఆయన వీలునామా రాయలేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, బిడ్డకు తలా సమాన భాగం. ఆయన తల్లి బతికి వుండి వుంటే ఆమెకూ ఒకటి. పెళ్ళి చేసి పంపినామంటే బిడ్డ భాగం పోదు.

లావుణి భూమికి ఇంకొక మెలిక వున్నది. 1977 చట్టం అసైన్డ్ భూమిని అమ్మడం, దానం చెయ్యడం, తాకట్టు పెట్టడం నిషేధించింది. కాని నిషేధించిన బదిలీల్లోంచి వీలునామాను మినహాయించింది. పేదవాడు తన భాగం తనకు కూడు పెట్టే బిడ్డకు రాసుకోడానికి అది మేలే. అమ్మకం రాయించుకోలేని వ్యాపారి పది వేలు చేతిలో పెట్టి "వీలునామా మీద వేలిముద్ర వెయ్యి" అనడానికీ అదే సందు. ఒకటి గుర్తుంచుకోవాలి. వీలునామా రాసినవాడు బతికున్నంతకాలం దానికి బలం లేదు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిది నిలుస్తుంది. అలా వేలిముద్ర వేసినవాళ్ళు బెంగపడి వూరుకోక, ఇంకొకటి రాసుకోవాలి.

రాయడం కష్టమేమీ కాదు. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కరలేదు. సంతకం రాకపోతే వేలిముద్ర. అది వేస్తుండగా చూసి సంతకం పెట్టే సాక్షులు ఇద్దరు కావాలి. ఆస్తి ఎవరికి వస్తుందో వాళ్ళను సాక్షిగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రీ తప్పనిసరి కాదు. చేయిస్తే రేపు కాదనడం కష్టం. ముస్లిం కుటుంబాల్లో వారసులు వొప్పుకోకుండా మూడోవంతుకు మించి వీలునామా చెల్లదు. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా పేరెక్కిన తాతలున్నవాళ్ళకు ఆ హక్కు కూడా వారసత్వంగా వస్తుంది. పాత సర్టిఫికెట్టును పెంకుల కింద దాచి చెదలకు పెట్టినవాళ్ళు ఎందరో!

కాగితం రాసుకుంటే చాలదు, రికార్డులో పేరు మారాలి. తెలంగాణలో 2020లో ధరణి వచ్చినప్పుడు వారసుల ఉమ్మడి మాట మీదే విరాసత్ చేసేవారు, విచారణ లేదు. ఆడబిడ్డను లెక్కలోంచి తప్పించడానికి అదెంత సులువో చెప్పనక్కరలేదు. 2025 భూభారతి చట్టం వారసులకు నోటీసులిచ్చి తహశీల్దారు విచారించాలన్నది. నోటీసు వచ్చిన రోజు ఒక కూలి పోయినా సరే, ఆఫీసుకు పోవాలి.

ముసలమ్మ కొంగులోంచి ప్లాస్టిక్ సంచి తీసి పాస్ పుస్తకం చూపింది. ఇంకా పెనిమిటి పేరే.

"దరఖాస్తుల బిడ్డ పేరు గూడ రాయాల్నా?"

"రాయాలె పెద్దమ్మా."

ఆమె పుస్తకం మళ్ళీ సంచిలో చుట్టుకుంటూ, "అయితే ఆ ముచ్చట మా పెద్దోనికి నువ్వే వచ్చి చెప్పు" అన్నది.