బాగుందండీ అంటే ఎంత బాగున్నట్టు?

నడుం ఆపరేషన్ పేరెత్తితే తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా రెండు మాటలే ఎక్కువగా వినబడతాయి. "చేయించుకున్నాక ఝామ్మని తిరుగుతున్నాడు" అని ఒకరు. "వెన్ను మీద కత్తి పెడితే మంచాన పడ్డట్టే" అని ఇంకొకరు. ఇద్దరూ చూసిందే చెబుతూ ఉండొచ్చు. కానీ వాళ్ళు చూసిన మనిషికి చేసిన ఆపరేషన్ ఏమిటి, అంతకుముందు ఆయన ఎంతవరకు నడవగలిగేవాడు, చేశాక ఎన్నాళ్ళకు అడిగారు అన్నవి తెలియకపోతే, రేపు ఆపరేషన్ బల్ల ఎక్కబోయే మనిషికి ఈ రెండు మాటల్లో ఏదీ అక్కరకు రాదు.

డాక్టరు గారి లెక్క వేరు. నరాన్ని నొక్కుతున్న డిస్క్ ముక్క తీశాం, స్క్రూలు సరిగ్గా కూర్చున్నాయి, ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది అంటే ఆయన దృష్టిలో పని సక్రమంగా జరిగింది. అది అబద్ధం కాదు. అయితే రోగి వచ్చింది ఎక్స్‌రే బాగుపడాలని కాదు, ఊడ్పుల రోజుల్లో వంగి నాటు వేయగలగాలని, రేపల్లె నుంచి గుంటూరు దాకా బస్సులో కూర్చోగలగాలని. ఫిల్మ్ చక్కగా ఉండి మనిషి మూలుగుతూ ఉండటం, ఫిల్మ్ అంతంతమాత్రంగా ఉన్నా మనిషి హాయిగా తిరగడం, వెన్ను వైద్యంలో రెండూ మామూలే.

ఫలితాన్ని రోగి దగ్గరే కొలవాలన్న పట్టుదల వందేళ్ళ నాటిది. అమెరికాలోని బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, కనీసం ఏడాది తర్వాత మళ్ళీ పిలిచి, చికిత్స ఫలించిందా లేదా, లేకపోతే ఎందుకు అని రాసుకునేవాడు. 1911 నుంచి 1916 దాకా తన సొంత ఆసుపత్రి నుంచి 337 మందిని ఇంటికి పంపితే అందులో 123 పొరపాట్లు జరిగాయని తనే లెక్క తీసి అచ్చు వేశాడు. తోటి డాక్టర్లకు ఇది రుచించలేదని వేరే చెప్పక్కర్లేదు.

వెన్నుకు సంబంధించి ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడే కొలత ఆస్వెస్ట్రీ సూచిక. ఇంగ్లండ్‌లో ఆస్వెస్ట్రీ అనే చిన్న ఊళ్ళో ఎముకల ఆసుపత్రి ఉంది. అక్కడ జెరెమీ ఫెయిర్‌బ్యాంక్, ఆయన తోటివారు తయారుచేసి 1980లో ప్రచురించారు. ఇందులో స్కానింగు లేదు, సూది లేదు, పది ప్రశ్నలు మాత్రమే. నొప్పి ఎంత, స్నానం చేసి బట్టలు కట్టుకోవడం సొంతంగా అవుతోందా, బరువు ఎత్తగలరా, ఎంత దూరం నడుస్తారు, ఎంతసేపు కూర్చుంటారు, ఎంతసేపు నిలబడతారు, నిద్ర పడుతోందా, దాంపత్యం ఎలా ఉంది, నలుగురిలో తిరుగుతున్నారా, ప్రయాణం చేయగలరా. ఒక్కో ప్రశ్నకు ఆరు జవాబులుంటాయి, సున్నా నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 50కి వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే శాతం. బళ్ళో మార్కులకు ఇది తిరగేసిన లెక్క: ఎక్కువ వస్తే అంత ఇబ్బంది. 20 లోపు ఉంటే స్వల్పం, 40 దాకా ఓ మోస్తరు, 60 దాకా తీవ్రం, ఆ పైన మంచానికి దగ్గర.

తెనాలి మార్కెట్లో బస్తాలు మోసే ముఠా కూలీ ఒకాయన ఉన్నాడనుకుందాం. ఆపరేషన్‌కు ముందు 50కి 28 వచ్చాయి, అంటే 56 శాతం. మూడు నెలల తర్వాత 15, అంటే 30 శాతం. తేడా 26. ఈ సూచికలో 10 పాయింట్లయినా తగ్గితేనే రోగికి తెలిసేంత మార్పు వచ్చినట్టు లెక్క. కాబట్టి ఇది మంచి ఫలితమే. కానీ 30 అంటే ఇబ్బంది ఇంకా ఉన్నట్టే. ధాన్యం బస్తా 75 కిలోలు. ఆయన ఇంట్లో తిరగగలడు, సైకిలు తొక్కగలడు, బస్తా మాత్రం ఎత్తలేకపోవచ్చు. "ఆపరేషన్ సక్సెస్" అన్న డాక్టరు మాట, "నా పని పోయింది" అన్న ఆయన మాట, రెండూ ఒకే కాగితం మీద నిజమవుతాయి. ఇది ముందే తెలిస్తే ఆయన ఆపరేషన్ వద్దనకపోవచ్చు గానీ, కొడుకుతో వేరే పని సంగతి ముందుగానే మాట్లాడుకుంటాడు.

అయితే ఆస్వెస్ట్రీ ప్రశ్నలు ఇంగ్లండ్ బతుకును చూసి రాసినవి. కూర్చోవడం అంటే వాళ్ళకు కుర్చీ. మనకు నేల మీద బాసింపట్టు, పీట, పొలం గట్టున గొంతుక్కూర్చోవడం కూడా. దాంపత్యం ప్రశ్న దగ్గర మనవాళ్ళు చాలామంది నవ్వేసి ఖాళీగా వదిలేస్తారు. దానికీ దారి ఉంది: తొమ్మిదింటికే జవాబిస్తే 50కి బదులు 45కి లెక్క కడతారు. కలుపు తీత, గొంతుక్కూర్చోవడం, బిందె ఎత్తడం లాంటివి ఆ పదిలో కలపకుండా విడిగా రాసుకుంటే అసలు సూచిక చెడదు, మన సంగతీ తెలుస్తుంది.

ఇంకొకటి. నడుం నొప్పిని, కాలు నొప్పిని విడివిడిగా సున్నా నుంచి 10 దాకా కొలవాలి. జారిన డిస్క్ ముక్క తీసే ఆపరేషన్ ప్రధానంగా కాలిలోకి లాగే నొప్పికి. అది తగ్గినంతగా నడుం నొప్పి తగ్గకపోవచ్చు. తిమ్మిరి పోవడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా పోదు. రెండింటినీ కలిపి "నొప్పి తగ్గిందా?" అని అడిగితే వచ్చే జవాబుకు అర్థం ఉండదు.

ఎప్పుడు అడిగామన్నది కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికాతో, అంటే కాలిలోకి లాగే నొప్పితో, బాధపడుతున్న 283 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు త్వరగా ఆపరేషన్, ఇంకో గుంపుకు మందులతో ఆగి చూడటం అని నిర్ణయించారు. ఫలితాలు 2007లో వచ్చాయి. ఆపరేషన్ గుంపులో సగం మంది 4 వారాలకల్లా కోలుకుంటే, ఆగిన గుంపుకు 12 వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఆగిన గుంపులో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కే వెళ్ళారన్నది మరవకూడదు. రెండో నెలలో అడిగితే ఆపరేషన్ గెలిచినట్టు, పన్నెండో నెలలో అడిగితే సమానం. అందుకే ఆరు వారాలు, మూడు నెలలు, ఏడాది, రెండేళ్ళు అని వాయిదాలు పెట్టుకుంటారు.

అయితే మూత్రం రాకుండా ఆగిపోవడం, మల మూత్రాల మీద పట్టు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, పాదం పైకి లేవకుండా వేలాడిపోవడం లాంటివి కనిపిస్తే ఈ ఆగి చూడటం పనికిరాదు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

మన దగ్గర అసలు చిక్కు మర్యాద. ఆపరేషన్ చేసిన డాక్టరే ఎదురుగా నిలబడి "ఎలా ఉంది పెద్దాయనా?" అంటే, చేతులు జోడించి "మీ దయ, బాగుందండీ" అంటాం. కడుపులో ఉన్నది బయటపడాలంటే అడిగేది నర్సో, ఫిజియోథెరపిస్టో, ఫోనులో ఇంకెవరో కావాలి. రెండో చిక్కు, రోగి మళ్ళీ చూపించుకోవడానికి రాకపోవడం. 2022 ఏప్రిల్‌లో రేపల్లె, బాపట్ల కొత్త జిల్లాలోకి వెళ్ళాయి గానీ పెద్ద వైద్యానికి దారి ఇప్పటికీ గుంటూరు, మంగళగిరి, విజయవాడల వైపే. చూపించుకుని రావడానికి ఒక రోజు కూలి పోతుంది. రానివాడు తగ్గి రాలేదా, విసిగి వేరే డాక్టరు దగ్గరకు పోయాడా అన్నది ఫోను చేస్తే తప్ప తెలియదు. వచ్చినవాళ్ళనే లెక్కపెట్టి తీసిన విజయ శాతాన్ని నేను నమ్మను.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, పేదవాడిని ఆపరేషన్ దాకా తీసుకెళ్ళింది. 2019 డిసెంబరులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ప్రారంభించిన ఆరోగ్య ఆసరా కింద కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చారు. కూలి మనిషికి విశ్రాంతి కూడా వైద్యమేనని ప్రభుత్వం ఒప్పుకున్న పథకమది. అంత ఖర్చు పెట్టే చోట, ముందొకసారి, ఏడాదికి ఇంకోసారి పది ప్రశ్నలు అడగడం పెద్ద పనేమీ కాదు. స్వీడన్ తొంభయ్యవ దశకం నుంచే దేశవ్యాప్తంగా వెన్ను ఆపరేషన్లకు ఇలాంటి రిజిస్టరు నడుపుతోంది.

మన దగ్గరా అలా అడిగేదాకా ఆ పని మనమే చేసుకోవాలి. ఆపరేషన్‌కు ముందే ఒక కాగితం తీసి తేదీ వేసి, ఎంత దూరం నడుస్తున్నారు, ఎంతసేపు కూర్చుంటున్నారు, కాలు నొప్పి పదికి ఎంత, నడుం నొప్పి పదికి ఎంత, ఏ పని మానేశారు అన్నవి రాసి ఫైలులో పెట్టండి. తర్వాత జ్ఞాపకం మీద రాస్తే పాత నొప్పి పెరిగో తరిగో పోతుంది. సర్జన్ గారిని కూడా అడగండి: "ఇదే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ ముందు మార్కులు, ఏడాది తర్వాతి మార్కులు మీ దగ్గర ఉన్నాయా అండీ?" లేవన్నంత మాత్రాన ఆయన చెయ్యి మంచిది కాదని కాదు. ఉన్నాయని తీసి చూపించే డాక్టరు దొరికితే మాత్రం, ఇంకో పాతిక కిలోమీటర్లు దూరమైనా అక్కడికే వెళ్ళండి.