గంట వినబడని బాలుడు

పాఠశాలలో ప్రమాదఘంట మ్రోగును. పిల్లలందరు లేచి వరుసగా బయటకు నడచిపోవుదురు. చెవిటి బాలుడొకడు మాత్రము తల వంచుకొని లెక్క చేసికొనుచునే యుండును. ఘంట మ్రోగించినవాని పని తీరినది. పాఠశాల బాధ్యత తీరలేదు. ప్రత్యేకావసరములు గల విద్యార్థుల రక్షణ యనగా నేమో మేమీ చిన్న భేదము నుండియే వివరింప దలచితిమి.

బడిలో భద్రత యన్నది యాజమాన్యపు దయ కాదు, పిల్లల హక్కు. ఈ మాట మన దేశమున స్థిరపడుటకు ఒక ఘోరము జరుగవలసివచ్చినది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణమున ఒక పాఠశాలలో, మధ్యాహ్న భోజనము వండు చోట అంటుకొన్న నిప్పు ఆకులకప్పునకు ప్రాకి 94 మంది పిల్లలను బలిగొన్నది. దానిపై దాఖలైన వ్యాజ్యమున, విద్యాహక్కులో సురక్షితమైన బడిలో చదువుకొను హక్కు కూడ ఇమిడియున్నదని సర్వోన్నత న్యాయస్థానము 2009లో తీర్పు చెప్పినది. పిమ్మట వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొని, ప్రభుత్వ నిధులు పొందు బడులకే గాక, గుర్తింపు పొందిన ప్రైవేటు బడులకు కూడ కర్తవ్యములను విధించినది. భవనము, ఆవరణ అందరికి అందుబాటులో నుండవలెను. రాకపోకలకు వాహన సౌకర్యము కల్పింపవలెను. ఎక్కువ ఆసరా కావలసిన బిడ్డకు తోడువచ్చు మనిషికి సైతము ఆ సౌకర్యము వర్తించును.

ఈ కర్తవ్యములలో మొట్టమొదటిది, వివక్ష లేకుండ చేర్చుకొనుట. దీనిని మేము ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు. "అమ్మా, మీ బాబును చేర్చుకొన్న తరువాత ఏదైన జరిగినచో ఎవరు జవాబు చెప్పుదురు?" అని ప్రధానోపాధ్యాయుడు మర్యాదగానే అడుగును. తల్లి మారు మాటాడక బిడ్డను వెంటబెట్టుకొని వెడలిపోవును. రక్షణ యను మాటతోనే తలుపు మూయుట ఇది. ఆ ప్రశ్నకు జవాబు చట్టమునందే యున్నది: జవాబు చెప్పవలసినది పాఠశాలయే.

ఇక ఆచరణ మాట. చెవిటి బాలునకు ఘంటతోపాటు వెలిగి ఆరు దీపము కావలెను; అది లేనిచోట భుజము తట్టి చెప్పుటకు ప్రక్కనున్న విద్యార్థిని ముందుగనే నియమింపవలెను. అంధ బాలికకు బయటపడు దారి కాళ్ళకు అలవాటు కావలెను. ఆమె చేయి పట్టి ఈడ్చుకొనిపోరాదు, ఆమెయే తోడునడచువారి మోచేతిని పట్టుకొనును. చక్రముల కుర్చీ పిల్లవాని తరగతి క్రింది అంతస్తుననే యుండుట మేలు, అగ్నిప్రమాద సమయమున లిఫ్టును వాడరాదు గనుక. కుర్చీ కొరకు కట్టు వాలుదారికి ఒక అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు కావలెనని ప్రమాణము. అనేక బడులలో కనబడు నిటారు వాలులు తనిఖీకి వచ్చువారి కన్నులకే గాని కుర్చీలకు పనికివచ్చునవి కావు.

ఆటిజము గల బిడ్డ విషయము వేరు. హఠాత్తుగా మ్రోగిన ఘంటయే వానికి భయకారణము కావచ్చును. కొందరు బల్ల క్రింద దాగుదురు. కొందరు తెరచియున్న ద్వారము గుండ వీధిలోనికి పరుగిడుదురు. అట్టివానికి ముందుగా చెప్పి, మొదట శబ్దము లేకుండ, తరువాత శబ్దముతో అభ్యాసము చేయింపవలెను. అభ్యాసము నాడు వానిని ఇంటియొద్దనే యుంచుడని కబురు పంపుట కొన్నిచోట్ల వాడుక. ఎవరికి అభ్యాసము మిక్కిలి అవసరమో వారినే తొలగించుట ఎట్టి జాగ్రత్తయో మాకు బోధపడలేదు.

మూర్ఛ వచ్చు పిల్లలను గూర్చి కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. చేతిలో తాళపుచెవులు పెట్టుట, పండ్ల నడుమ చెంచా దూర్చుట మన యూళ్ళలో ఇంకను పోలేదు. మొదటిది నిరుపయోగము, రెండవది ప్రమాదకరము. చుట్టునున్న బల్లలను తొలగించి, తల క్రింద మెత్తనిదేదైన ఉంచి, బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, గడియారము చూడవలెను. కొట్టుకొను చేతులను అదిమి పట్టరాదు. 5 నిమిషములకు మించినచో ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను. ఇది ఒక్క ఉపాధ్యాయునికి తెలిసిన చాలదు. వాహనపు సహాయకురాలికి, వంటమనిషికి సైతము తెలియవలెను.

అగ్నిభయము ఏ నాటికో వచ్చును, మనుష్యభయము నిత్యము. మాట రాని బిడ్డ తన్నెవరు కొట్టిరో, ఎవరు తాకిరో చెప్పజాలదు. శారీరక దండనను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. లైంగిక నేరము జరిగినదని తెలిసియు పోలీసులకు తెలుపకుండుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము శిక్షార్హము. పరువు పోవునని సంగతిని నాలుగు గోడల మధ్య సర్దుబాటు చేయు యాజమాన్యము ఈ విషయమును మరువరాదు.

తలిదండ్రులు చేయవలసినది కొంత కలదు. బిడ్డ వాడు మందు, వేళ, మోతాదు, భయపెట్టు వస్తువులు, శాంతింపజేయు మాట, ఇవన్నియు ఒక కాగితముపై వ్రాసి బడికి ఈయవలెను. ఆపదలో బిడ్డను ఎవరు బయటకు తెత్తురో, ఆ మనిషి సెలవులో నున్ననాడు ఎవరు తెత్తురో, రెండు పేర్లు బడివారిచేత అదే కాగితముపై వ్రాయించుకొనవలెను. మండలములలోని భవిత కేంద్రముల ఉపాధ్యాయులు ఇందుకు సాయపడగలరు. జూన్‌లో బడి తెరచినపుడు తరగతి మారును, గది మారును, ఉపాధ్యాయుడును మారును. కావున ఆ కాగితమును ఏటేట తిరిగి వ్రాయవలెను.