అకాంప్లిస్: ఒకే మడతలోని మనిషి

నేరమని తెలిసీ అందులో పాలుపంచుకున్నవాణ్ని ఇంగ్లీషులో అకాంప్లిస్ అంటారు. పోలీస్ స్టేషన్‌లో నమోదైన కేసు పత్రికకు ఎక్కితే అతను ఏ2 గానో ఏ3 గానో కనిపిస్తాడు. జనం నోట తోడుదొంగ. గోడ దూకినవాడితో పాటు వీధి మలుపులో కాపలా కాసినవాడూ ఈ మాట కిందికే వస్తాడు.

లాటిన్‌లో ‘ప్లికారే’ అంటే మడవడం. దానికి ‘కలిసి’ అనే అర్థమిచ్చే ‘కాం’ చేరింది. ఒకే మడతలో చుట్టుకున్నవాడన్నమాట. చిక్కుపడినదాన్ని కాంప్లికేటెడ్ అనడం కూడా ఈ ధాతువు నుంచే. ఫ్రెంచి ‘కాంప్లిస్’ 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది; ‘ఒక’ అని చెప్పే ‘ఎ’ దానికి ముందు అతుక్కుపోయి అకాంప్లిస్ అయిందని నిఘంటుకారులు భావిస్తారు. మొదట్లో ఈ మాటకు నేరపు మరక తప్పనిసరి కాదు. షేక్‌స్పియర్ ‘ఆరో హెన్రీ’ మొదటి భాగంలో సేనాని తోటివారికి శుభం కోరే చోట ఈ మాటే వాడాడు.

సాయానికి పెట్టిన పేరు ఇలా దిగజారడం తెలుగుకూ కొత్త కాదు. హిందుస్తానీలో కుమక్ అంటే సాయం, సాయంగా వచ్చే సైన్యం. తెలుగులో కుమ్మక్కు అయ్యాక దాన్ని మంచి పనికి ఎవరూ వాడరు. ‘తోడు’ మాత్రం చెడలేదు. పాలల్లో వేసేదీ తోడే. దొంగ పక్కన చేరినప్పుడే దానికి మచ్చ.

వెనక నుంచి పురికొల్పడాన్ని చట్టం అబెట్‌మెంట్ అంటుంది. పాత ఫ్రెంచిలో దీని మూలానికి వేటకుక్కలను జంతువు మీదికి రెచ్చగొట్టడమని అర్థం. ‘ఉసిగొల్పడం’ అనే తెలుగు మాటలో ఉన్నదీ అదే దృశ్యం. రెండు భాషలు ఇంత దగ్గరగా ఆలోచించడం ముచ్చటేస్తుంది.

క్షమాభిక్ష పొంది సాక్ష్యమిచ్చే తోడుదొంగ అప్రూవర్. 1872 నాటి సాక్ష్య చట్టం 133వ సెక్షన్ ప్రకారం, వేరే ఆధారం లేకుండా అతని మాట మీదే శిక్ష వేసినా అది చట్టవిరుద్ధం అయ్యేది కాదు. అయితే 114వ సెక్షన్ ఉదాహరణ, బలపరిచే ఆధారం లేనిదే ఆ మాట నమ్మదగనిదని భావించవచ్చని చెప్పేది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 138వ సెక్షన్‌లో ఈ మెలిక తొలగింది. ఇతర ఆధారాలు బలపరిచిన సాక్ష్యం అనే మాటే ఇప్పుడు అందులో చేరింది.