పచ్చరాతి నేల మీద విష్ణుక్రాంత

కాటన్‌పేట ఇళ్లలో గడప దగ్గరో, దేవుడి గూట్లోనో పరిచే ‘గ్రీన్ మార్బుల్’ మన పిల్లలకు తెలిసిందే. రాజస్థాన్‌లోని రిషభదేవ్ నుంచి ఆ పేరుతో వచ్చే రాయి నిజానికి పాలరాయి కాదు, సర్పెంటైన్. పాము చర్మంలా పచ్చగా, చారలతో ఉంటుంది కాబట్టి లాటిన్‌లో ‘పాము’ అనే మాట నుంచే దానికి ఆ పేరు వచ్చింది. మన హాసన్ జిల్లా నుగ్గేహళ్లి ప్రాంతంలోనూ ఈ జాతి రాళ్లున్నాయి. క్రోమైట్ దొరికేది వాటిలోనే.

ఇంట్లో అందంగా కనిపించే ఈ రాయి అరిగి మట్టిగా మారితే మాత్రం పైరుకు గడ్డు నేల. అందులో మెగ్నీషియం మితిమీరి ఉంటుంది, కాల్షియం చాలదు. నత్రజని, భాస్వరం, పొటాషియం తక్కువ. పైగా నికెల్, క్రోమియం, కోబాల్ట్ వంటి లోహాలు ఎక్కువ. మామూలు మొక్క అక్కడ గిడసబారిపోతుంది.

అయినా కొన్ని మొక్కలు బతుకుతాయి. కొన్ని లోహాన్ని వేరు దగ్గరే ఆపేస్తాయి. మరికొన్ని దాన్ని పీల్చుకుని, హాని కలగకుండా ఆకుల్లో దాచుకుంటాయి. న్యూ కాలెడోనియా దీవిలోని ఒక చెట్టుకు గాటు పెడితే నీలిపచ్చ పాలు కారతాయి. ఆ పాలు ఎండాక బరువులో దాదాపు నాలుగో వంతు నికెలే ఉంటుందని 1976లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

అంత దూరం ఎందుకు? శ్రీలంక దక్షిణ తీరంలోని ఉస్సన్‌గొడ సర్పెంటైన్ నేల. అక్కడ పెరిగిన విష్ణుక్రాంత, రత్నపురుష మొక్కల్లో నికెల్ చాలా ఎక్కువగా ఉన్నట్టు 2002లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఈ రెండూ మన ఊళ్లలో బీళ్లలో, గట్ల మీద మొలిచేవే, నాటువైద్యంలో వాడేవే. మేం తల్లిదండ్రులకు ముఖ్యంగా చెప్పదలచింది ఇక్కడే ఉంది. మొక్క పేరు ఒకటే అయినా, నేల మారితే దానిలోని సరుకు మారవచ్చు. ఎక్కడ పెరిగిందో తెలియని మూలికను పేరు చూసి పిల్లలకు తాగించకండి, వైద్యులను అడగండి.

వేరే లేనివి లైకెన్లు. మసాలా దినుసుల్లో వేసే రాతిపువ్వు ఆ జాతిదే. శిలీంధ్రం, శైవలం కలిసి కాపురం చేస్తే ఏర్పడేది లైకెన్. శిలీంధ్రం చోటు, తేమ ఇస్తుంది. శైవలం ఎండతో ఆహారం వండుతుంది. లైకెన్లలో చాలావి ఆక్సాలిక్ ఆమ్లాన్ని వదులుతాయి, అది రాతిని మెల్లగా కరిగిస్తుంది. స్కాట్లండ్‌లో సర్పెంటైన్ రాతి మీది ఒక లైకెన్ కింద, రాతిలోని మెగ్నీషియంతో ఆ ఆమ్లం కలిసి ఏర్పడిన కొత్త లవణం కనిపించింది. రాయి మట్టిగా మారే పని అలా మొదలవుతుంది.

దీన్ని చూపడానికి ఉపాధ్యాయులకు లాల్‌బాగ్ గుట్ట చాలు. అది సర్పెంటైన్ కాదు, సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ రాయి. ఒక భూతద్దం తీసుకెళ్లి రాతి మీది బూడిదరంగు మచ్చలను చూపించండి. గోకి తీయనివ్వకండి, అవి పెరగడానికి ఏళ్లు పడుతుంది. తిరిగొచ్చాక రాతిపువ్వు, విష్ణుక్రాంత, రత్నపురుషల గురించి ఇంట్లో అమ్మమ్మనో, నానమ్మనో అడిగి రాసుకురమ్మనండి. పాఠంలో సగం వాళ్ల దగ్గరే దొరుకుతుంది, అదీ మన తెలుగులోనే.