దంతవక్త్రుని కోట

శ్రీకాకుళము జిల్లాలో ఆమదాలవలస నుండి సరుబుజ్జిలి వైపు పోయినచో, రొట్టవలస, దంతవరపుకోట గ్రామముల పొలములలో పొడవైన మట్టిగట్టు కానవచ్చును. తెలియనివారు దానిని చెరువుగట్టని తలంతురు. అది ఒక ప్రాచీన నగరమును చుట్టియున్న కోటగోడ. రాతి బురుజులు చూడగోరి వచ్చినవారికి ఆశాభంగము తప్పదు.

జనులు దీనిని దంతవక్త్రుని కోట యందురు. పురాణములలోని దంతవక్త్రుడు కరూశ దేశపు రాజు. శ్రీకృష్ణుని చేత మడిసినవాడు. ఆ దేశమెక్కడో వింధ్య ప్రాంతమునది. ఊరి పేరులోని 'దంత' శబ్దమే అతనిని ఇచటికి రప్పించినట్లు తోచును. చరిత్రకారులు పలువురు దీనిని కళింగుల దంతపురముగా భావింతురు. బుద్ధుని దంతధాతువు దంతపురమున పూజలందుకొనెననియు, నాల్గవ శతాబ్దమున రాకుమార్తె హేమమాల దానిని తన కొప్పులో దాచి సింహళమునకు చేర్చెననియు బౌద్ధుల 'దాఠావంశము' చెప్పుచున్నది. పూరీయే దంతపురమని వాదించినవారును కలరు. అయితే తూర్పు గాంగరాజు ఇంద్రవర్మ గాంగశకము 39వ ఏట వేయించిన జిర్జింగి తామ్రశాసనము దంతపురము నుండియే వెలువడినది. జిర్జింగి ఈ జిల్లాలోని గ్రామమే. కావున ఈ కోట పక్షమున బలము హెచ్చు.

మట్టికోట యని చులకన చేయరాదు. అగడ్త త్రవ్వగా వచ్చిన మట్టితోనే వప్రము పోయవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. దాని ఎత్తు 6 దండములు, అనగా 24 మూరలు. వెడల్పు అంతకు రెట్టింపు. ఏనుగులచేతను ఎద్దులచేతను త్రొక్కించి దానిని గట్టిపరచి, పైన ముండ్లపొదలు, విషలతలు పెంచవలెను. ఒక్క శ్రమతో అగడ్తయు గోడయు ఏర్పడును. నిప్పు దానినేమియు చేయజాలదు. వానకు మాత్రము అది కరగును.

ఈ కోట నేడు రక్షిత పురావస్తు స్థలము. మట్టిదిబ్బకు రక్షణ యేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. జనులు నివసించిన చోట బూడిద, ఇటుక ముక్కలు, కుండ పెంకులు పొరపై పొరగా పేరుకొనును. అడుగు పొర పాతది, పై పొర క్రొత్తది. రాతికోటలో జారిపడిన రాతిని మరల పేర్చవచ్చును. ఇచట ఎవరైన పొలమునకో, ఇంటి అరుగునకో ఒక బండెడు మట్టి తోలుకొనిపోయినచో, ఆ పొరలు కలసిపోవును. పిదప పెంకు దొరకినను అది ఏ పొరలోనిదో చెప్పువారుండరు. అందుచేతనే పురావస్తు పరిశోధకులు గునపమును దూరముంచి, చిన్న తాపీతోను కుంచెతోను పని చేయుదురు. దొరకిన ప్రతి పెంకుతోను దాని పొర సంఖ్యను వ్రాసి భద్రపరతురు.