రాయి చెదిరినది, కర్ర నిలిచినది

మొన్నటి శీతకాలంలో విద్యార్థులను వెంటబెట్టుకొని అమరావతికి వెళ్ళినాను. మహాచైత్యం చుట్టూ ప్రదక్షిణం ముగిసిన పిమ్మట ఒక కుర్రవాడు మెల్లగా, "మాస్టారూ, స్తూపం ఎక్కడున్నదండీ?" అని అడిగినాడు. వాని ప్రశ్నలో ఎగతాళి లేదు. వాడు చూచినది గడ్డి మొలచిన దిబ్బ, దాని చుట్టూ నిలిపిన కొన్ని రాతిపలకలు. మేము నిలిచినది స్తూపం ముందరే.

ధాన్యకటకపు మహాచైత్యం క్రీస్తుకు పూర్వం పుట్టి, శాతవాహనుల ఏలుబడిలో శిల్పశోభ సంతరించుకొన్నది. పల్నాటి సున్నపురాతిపై బుద్ధుని కథలు పలికించిన ఉలి అక్కడిది. 18వ శతాబ్ది చివర అక్కడ క్రొత్త పట్టణం కట్టునప్పుడు చైత్యపు ఇటుకలూ రాళ్ళూ ఆ కట్టడాలకు పోయినవి. కొన్ని పలకలు సున్నపుబట్టీల పాలయినవి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచినాడు. 1816లో మరల వచ్చేసరికి ధ్వంసం ఇంకా ముదిరినది. తరువాత దొరికిన శిల్పాలు మద్రాసుకూ, లండనుకూ తరలినవి.

రాతికే ఈ గతి పట్టినప్పుడు కర్ర ఎన్నాళ్ళు నిలుస్తుందని మనకు తోచవచ్చును. జపానులో నారా చేరువనున్న హోర్యూజీ ఆలయం ఆ తలపును తారుమారు చేస్తున్నది. 607లో వెలసినదని చెప్పే ఆ ఆలయం 670లో దగ్ధమైనది. మరల కట్టినారు. అట్లు కట్టిన ప్రధానమందిరమూ, అయిదంతస్తుల పగోడా గోపురమూ లోకంలో నిలిచియున్న దారునిర్మాణాలలో అతి ప్రాచీనాలు. పగోడా మన స్తూపానికే వారసురాలు. దాని శిఖరాన, వలయాలకు దిగువ, బోర్లించిన గిన్నెవంటి అంగం ఒకటి ఉన్నది. అది స్తూపపు అండమే! కృష్ణాతీరంలో నేలమట్టమైన రూపం అక్కడ ఆకాశాన నిలిచినది.

కర్రకు అంత ఆయువు ఎక్కడిది? పుచ్చిన దూలం తీసి మంచిది అతికే వడ్రంగులు తరతరాలుగా ఉండుటవల్ల వచ్చినది. 1949 జనవరి 26న ప్రధానమందిరంలో నిప్పంటుకొని, అజంతాను తలపించే కుడ్యచిత్రాలు మాడిపోయినవి. ఆ జాతి దుఃఖించి ఊరకుండలేదు. మరుసటి ఏడే సాంస్కృతిక సంపద రక్షణకు చట్టం చేసినది. నేటికీ ఏటా ఆ తేదీని ప్రాచీన సంపదను అగ్నినుండి కాపాడుకొనే దినంగా పాటిస్తున్నారు.

మనకు అటువంటివారు కలుగకపోలేదు. 1344 నాటి సింహళదేశపు గడలాదెణియ శాసనం, ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించిన సంగతి చెబుతున్నది. సముద్రం దాటి వచ్చి ఆదరించిన చేయి అది. అటువంటి చేతులు కరువైన పిమ్మట చైత్యం దిబ్బయినది.

తిరుగు ప్రయాణంలో ఆ కుర్రవాడికి ఈ కథ చెప్పి, "రాళ్ళు తరలినప్పుడు కాదు నాయనా, ఇది మనదని తలచేవారు లేకపోయిన నాడే స్తూపం పోయినది" అన్నాను. వాడు కొంతసేపు కిటికీలోనుంచి బయటకు చూచి, "మన చిట్టమూరు దగ్గర మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో పాత శాసనాలున్నవంటారు గదండీ, ఒకనాడు చూపిస్తారా?" అని అడిగినాడు.

ఆ గుడికి నేను ఎన్నిసార్లో వెళ్ళినాను. దండం పెట్టుకొని వచ్చినానే గాని, ఏ శాసనం ముందూ నిలువలేదు. వచ్చే ఆదివారం ఇద్దరమూ వెళుతున్నాము.