కండె తిరగదు, దారం ఆగదు

జడత్వ భ్రామకం పాఠం చెబుతుంటే మాచర్ల నుంచి వచ్చే కుర్రాడొకడు వెనక బెంచీలోంచి అడిగాడు: "సార్, మా అన్న గాలానికి రీల్ కొన్నాడు. విసిరినప్పుడు దారం సర్రున పోయిద్ది గానీ, దారం చుట్టిన స్పూల్ మాత్రం తిరగదు. తిరక్కుండా దారం ఎట్టా వచ్చిద్ది సార్?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు సిలబస్ మీద ధ్యాస నిలవలేదు. చేపల రీల్ చరిత్రలో అసలైన మలుపును వాడు సరిగ్గా పట్టుకున్నాడు.

జవాబు రీల్లో వెతకనక్కర్లేదు. సాగర్ కుడి కాలవ గట్టు మీద ఖాళీ నీళ్ళ సీసాకి నైలాన్ దారం చుట్టుకుని కూర్చునే వాళ్ళను చూస్తే చాలు. దారం చివర ఒక సీసపు గుండు, దానికి జానెడు పైన కొక్కెం, కొక్కేనికి వానపామో తవుడు ముద్దో. ఎడమ చేత్తో సీసా మెడ పట్టుకుని అడుగు భాగం నీళ్ళ వైపు పెడతారు. కుడి చేత్తో గుండును గిరగిరా తిప్పి వదులుతారు. సీసా చేతిలో అలాగే ఉంటుంది. దారం దాని అడుగు అంచు మీదుగా చుట్టు తర్వాత చుట్టుగా జారి గుండు వెంట పోతుంది. ఐదు వేలు పెట్టి కొన్న రీల్ కూడా విసిరే క్షణంలో ఇంతకంటే ఎక్కువేమీ చెయ్యదు.

చేనేత ఇళ్ళల్లో పెరిగిన వాళ్ళకు ఇది పుట్టినప్పటి నుంచీ తెలుసు. నాడెలో కండె కదలకుండా కూర్చుని ఉంటుంది. నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే పేక నూలు కండె కొస మీదుగా ఊడి వస్తుంది. అదే కండెను అడ్డంగా ఇరుసు మీద పెట్టి నూలు పక్క నుంచి లాగితే కండె కూడా తిరగాలి. నాడె చటుక్కున ఆగినా కండె ఆగదు, నూలు వదులై చిక్కు పడుతుంది. చేపల రీల్ కథంతా ఈ రెండు పద్ధతుల మధ్య తగాదాయే: దారాన్ని పక్క నుంచి లాగాలా, కొస నుంచి లాగాలా?

పక్క నుంచి లాగే పక్షం గడియారాల వాళ్ళది. 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు గేర్లున్న రీల్ చేశాడు. హ్యాండిల్ ఒకసారి తిప్పితే స్పూల్ పలుమార్లు తిరుగుతుంది. అతని తర్వాత అదే ప్రాంతంలో మీక్ సోదరులు ఆ పనిని గొప్ప నగిషీ స్థాయికి తీసుకెళ్ళారు. వాళ్ళ దృష్టిలో సమస్య రాపిడి ఒక్కటే. ఇరుసును ఎంత నునుపుగా చేస్తే స్పూల్ అంత తేలిగ్గా తిరుగుతుంది, ఎర అంత దూరం పోతుంది.

కానీ రాపిడి తగ్గితే జడత్వం తగ్గదు. లెక్క వేసి చూడండి. స్పూల్ మీద దారపు చుట్టు పొడవు 10 సెంటీమీటర్లు అనుకుందాం. ఎర సెకనుకు 20 మీటర్ల వేగంతో పోవాలంటే స్పూల్ సెకనుకు 200 చుట్లు, అంటే నిమిషానికి 12,000 చుట్లు తిరగాలి. ఆ వేగాన్ని అది రెప్పపాటులో అందుకోవాలి. దానికి కావలసిన శక్తి ఇచ్చేది ఎర ఒక్కటే. ఎర బరువైనదైతే సరే, ఐదారు గ్రాములదైతే దాని వేగమంతా స్పూల్‌ను లేపడానికే ఖర్చవుతుంది. ఇంకా పెద్ద చిక్కు తర్వాత వస్తుంది. గాలి ఒరుసుకుని ఎర నెమ్మదిస్తుంది, నీళ్ళలో పడి ఆగుతుంది. స్పూల్ మాత్రం తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది. వదిలిన దారం పోయే చోటు లేక అక్కడే ఉబ్బి పిచ్చుకగూడు అవుతుంది. ఇరుసు ఎంత నునుపైతే గూడు అంత పెద్దది! గడియారాల వాళ్ళ నైపుణ్యమే వాళ్ళకు ఎదురుతిరిగింది. కెంటకీ రీల్ వాడేవాడు బొటనవేలు స్పూల్ మీద ఆనించి, అణచీ అణచకుండా అణచడం నేర్చుకోవాల్సి వచ్చేది.

మన పల్నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, ఆ ప్రెసిడెన్సీ సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా" రాశాడు. 1887లో చెరువుల్లో గాలం వెయ్యడం గురించి ప్రత్యేకంగా "ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా" తెచ్చాడు. ఏటి చేపల దగ్గర ఆగకుండా ఊరి చెరువును కూడా గాలగాడి కంటితో చూసిన దొర. ఆయన పుస్తకాల నాటికి మన నీళ్ళలో ఏ రీల్ వాడినా అది తిరిగే స్పూల్ రీలే, ఎందుకంటే రెండో పక్షం ఇంకా గెలవలేదు.

ఆ రెండో పక్షం తలుపు తట్టింది 1884లో. స్కాట్లండ్‌లోని పెర్త్ ఊరి పీటర్ మలోక్ ఒక తమాషా రీల్ చేశాడు. విసిరే ముందు రీల్‌ను 90 డిగ్రీలు మడిస్తే స్పూల్ కొస చెరువు వైపు తిరుగుతుంది, దారం సీసా మీద నుంచి జారినట్టు జారుతుంది. చుట్టేటప్పుడు మళ్ళీ యథాస్థానానికి మడిచి మామూలుగా తిప్పాలి. ఎర చక్కగా పోయింది. అయితే కొన్ని విసుర్లు కాగానే దారం తనకు తానే మెలికలు తిరిగి ముడులు పడసాగింది.

ఎందుకో తెలియాలంటే లంగా నాడా ఒకటి తీసుకోండి. గుండ్రటి దారంలో పురి కంటికి కనపడదు, బల్లపరుపు నాడాలో కనపడుతుంది. దాన్ని సీసా చుట్టూ పది చుట్లు చుట్టి, సీసాను కదపకుండా కొస నుంచి పైకి లాగండి. నాడాలో సరిగ్గా పది మెలికలు ఉంటాయి. కొస నుంచి ఊడే ప్రతి చుట్టూ ఒక పురి ఎక్కిస్తుందన్నమాట. ఇప్పుడు ఆ మెలికల నాడాను తిరిగి చుట్టడానికి రెండు మార్గాలున్నాయి. సీసాను నిలిపి ఉంచి, మీ చెయ్యే దాని చుట్టూ మొదటి దిశలో తిప్పారా, ఒక్కో చుట్టుకు ఒక్కో మెలిక విడిపోతుంది. చెయ్యి నిలిపి ఉంచి సీసాను గుండ్రంగా తిప్పారా, చుట్టడం వల్ల పురి మారదు, ఎక్కిన పది మెలికలూ అందులోనే ఉండిపోతాయి. మలోక్ రీల్ చేసింది ఈ రెండోది. కొస నుంచి వదిలి పక్క నుంచి చుట్టింది. విసిరిన ప్రతిసారీ పురి పేరుకుపోయింది.

మొదటి మార్గాన్ని యంత్రంగా మార్చినవాడు ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్. ఇంగ్లండ్‌లో ఉన్ని మిల్లుల ఊరు బ్రాడ్‌ఫర్డ్ అతనిది, మిల్లుల కుటుంబం. 1905లో పేటెంట్ తీసుకున్నాడు. స్పూల్ ఎప్పుడూ నీళ్ళ వైపే చూస్తూ కదలకుండా ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే స్పూల్ చుట్టూ ఒక చెయ్యి తిరుగుతూ దారాన్ని దాని మీద చుడుతుంది. వదిలేటప్పుడు ఎక్కిన పురి చుట్టేటప్పుడు దిగుతుంది. లెక్క సున్నా. మిల్లులో తిరిగిన కళ్ళకు ఈ ఊహ రావడం నాకు వింతగా తోచదు. మన చిలకలూరిపేట చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో సింప్లెక్స్ మీద పనిచేసిన వాళ్ళను అడగండి, బాబిన్ చుట్టూ తిరిగే ఫ్లయర్ అంటే ఏమిటో చెబుతారు. ఆ ఫ్లయర్ తమ్ముడే ఈ చెయ్యి. తేడా ఏమిటంటే, మిల్లుకు పురి కావాలి, అదే నూలుకు బలం. గాలానికి పురి శత్రువు. ఒకే చుట్టుడు విద్యను మిల్లువాడు పురి ఎక్కించడానికి వాడుకుంటే, ఇల్లింగ్‌వర్త్ దింపడానికి వాడుకున్నాడు. ఈ యంత్రంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

సున్నా అన్నాను గానీ, ఆ సున్నాను చెడగొట్టే చోటు ఒకటుంది. పెద్ద చేప లాగినప్పుడు దారం తెగకుండా స్పూల్ జారనివ్వాలి. అందుకే స్పూల్ పైన బిళ్ళల దొంతి ఒకటి పెడతారు, దాన్ని డ్రాగ్ అంటారు. మర బిగిస్తే బిళ్ళల మధ్య రాపిడి పెరుగుతుంది, ఒరుసుకునే ముఖాలు ఎన్ని ఉంటే పట్టు అన్ని రెట్లు. తిరగని స్పూల్ ఈ ఒక్క సందర్భంలో తిరుగుతుంది. చేప లాగుతుంటే ఊరుకోవాలి. కంగారులో హ్యాండిల్ తిప్పామా, దారం లోపలికి రాదు, చెయ్యి మాత్రం స్పూల్ చుట్టూ తిరిగి పురి ఎక్కిస్తూ పోతుంది. హ్యాండిల్ ఒక చుట్టుకు చెయ్యి ఐదు చుట్లు తిరిగే రీల్ అయితే, పది సార్లు తిప్పితే యాభై పురులు. కొత్త రీల్ దారం తొలి పెద్ద చేపతోనే పాడయిందంటే కారణం చాలాసార్లు ఇదే, దుకాణం వాణ్ణి తిట్టి లాభం లేదు.

డ్రాగ్‌లో ఇంకో కిటుకుంది. బిళ్ళలు ఇచ్చే టార్క్ మారదు గానీ, దారం ఖాళీ అవుతున్న కొద్దీ స్పూల్ మీద చుట్టు వ్యాసార్ధం తగ్గుతుంది. టార్క్‌ను వ్యాసార్ధంతో భాగిస్తే దారం మీద లాగుడు. వ్యాసార్ధం సగమైతే లాగుడు రెట్టింపు. నాలుగు కిలోలకు తెగే దారానికి మొదట రెండు కిలోలు బిగించారనుకోండి, సాగర్ నీళ్ళలో బొచ్చె దారమంతా లాక్కుపోయేసరికి అది మీరు ముట్టుకోకుండానే నాలుగైపోతుంది, ఠప్. అందుకే అనుభవజ్ఞులు దారం బలంలో నాలుగో వంతుకు, మహా అయితే మూడో వంతుకు బిగిస్తారు. ఇది పుస్తకంలో చదవక ముందే వేళ్ళతో తెలిసినవాళ్ళు కాలవ గట్టు మీద ఉన్నారు. సీసా మీద దారం తగ్గుతున్నకొద్దీ వాళ్ళు పట్టు సడలిస్తారు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఇల్లింగ్‌వర్త్ రీల్ వచ్చాక ఇంగ్లండ్‌లో పెద్దమనుషులు కొందరు ముఖం చిట్లించారు. ఎవరైనా మొదటి రోజే విసరగలిగితే అది విద్య ఎలా అవుతుందని వాళ్ళ బాధ. నాకైతే అది రీల్‌కు ఇచ్చిన కితాబులాగే వినపడుతుంది. 1932లో హార్డీ సోదరుల కంపెనీ ఆల్టెక్స్ రీల్‌తో వంపు తీగ తెచ్చింది. మడిస్తే దారం వదులుతుంది, హ్యాండిల్ తిప్పగానే తానే మూసుకుని దారాన్ని అందుకుంటుంది. ఆ పేటెంట్ గడువు తీరేదాకా మిగతా కంపెనీలు సగం తీగతో సరిపెట్టుకున్నాయి. ఫ్రాన్స్‌లో మిచెల్ రీల్ పుట్టిన క్లూజ్ గడియారాల ఊరు కావడం నాకు సరదాగా ఉంటుంది, గడియారాల వాళ్ళలో కొందరు దారం పక్షానికి ఫిరాయించారన్నమాట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పట్టుదారం స్థానంలో నైలాన్ వచ్చింది. వాడిన ప్రతిసారీ ఆరబెట్టే బాధ తప్పింది, పోటీ దాదాపు ముగిసింది.

అయినా మొదటి పక్షం లొంగలేదు. స్వీడన్‌లో జేబు గడియారాల కంపెనీగా మొదలైన ఆబు 1950ల్లో ఆంబాసిడర్ రీల్ తెచ్చింది. దాని స్పూల్ వేగంగా తిరిగితే చిన్న దిమ్మెలు బయటికి జరిగి అంచుకు ఒరుసుకుంటాయి, నెమ్మదిస్తే పట్టు వదులుతాయి. పిచ్చుకగూడు పుట్టే క్షణాన్ని ముందే అణిచే ఏర్పాటు. తర్వాత జపాన్ వాళ్ళు అయస్కాంతాలు పెట్టారు. అల్యూమినియం స్పూల్ వాటి ఎదుట తిరిగితే దానిలోనే విద్యుత్ సుడులు పుట్టి అదే వెనక్కి లాగుతుంది. ఏదీ దేన్నీ తాకదు. లెంజ్ నియమం ఎందుకు చదవాలని అడిగే పిల్లలకు చూపించదగ్గ వస్తువు.

మన వేడి నీళ్ళలో రెండు పక్షాల రీళ్ళకూ పని ఉంది. కొరమీను తూడు మధ్య, నాచు కింద ఉంటుంది. ఊపిరికి పైకి వస్తుంది, కప్పను చూస్తే దూకుతుంది. రబ్బరు కప్ప ఎర వేసి, పట్టగానే తూటి తీగలోంచి ఒక్క గుంజున లాగాలి. ఆ మోటు పనికి తిరిగే స్పూలే మేలు, దారం వంపు తిరక్కుండా నేరుగా చుట్టుకుంటుంది. పిల్లల గుంపును కాస్తున్న కొరమీనును మాత్రం వదిలెయ్యండి, తల్లిదండ్రులు పోతే గుంపు మొత్తం ఇతర చేపల నోట్లో పడుతుంది. తేలిక ఎర వెయ్యాలన్నా, బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డు నుంచి అలల అవతలికి విసరాలన్నా కదలని స్పూలే దిక్కు. అక్కడి నుంచి వచ్చాక రీల్‌ను మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు నీరు తడిపితే ఉక్కు, అల్యూమినియం కలిసి బ్యాటరీ అవుతాయి, అల్యూమినియం తినేసుకుపోతుంది.

మాచర్ల కుర్రాడి అన్న దారం అప్పటికే పురెక్కి ముడులు పడుతోందట. దానికి మందు కాలవలోనే ఉంది. నీళ్ళు వదిలిన రోజుల్లో కొక్కెం, గుండు తీసేసి వట్టి దారాన్ని యాభై మీటర్లు ప్రవాహంలోకి పోనివ్వాలి. కాసేపు అలా ఉంచితే కొస స్వేచ్ఛగా తిరిగి పురి దానంతటదే దిగిపోతుంది. తర్వాత రెండు వేళ్ళ మధ్య బిగువుగా పట్టి చుట్టుకోవాలి, వదులుగా చుడితే మొదటికొస్తుంది.